మేక కథ మీద ఎంక్వైరీ

కొత్తగా ఉద్యోగంలో చేరిన ఇంగ్లీషు లెక్చరర్లు ఇద్దరు ముగ్గురు నాకు అప్పుడప్పుడు ఫోన్ చేస్తుంటారు. "మేడమ్, పిల్లలకు కథను విశ్లేషించడం ఎలా నేర్పాలి?" అని అడుగుతారు. రిటైరయినవాళ్లకు అన్నీ తెలుసని ఉద్యోగంలో ఉన్నవాళ్లకు ఒక నమ్మకం. ఉద్యోగంలో ఉన్నప్పుడు నాకూ ఉండేది. గోదావరిఖనిలో ఇన్నేళ్లు పాఠాలు చెప్పి నేను నేర్పింది ఎంతో నాకు తెలియదు గానీ, ఒక అమ్మాయి కథ విశ్లేషించడం నేర్చుకుంటుంటే మాత్రం నా బీపీ మాత్రల మోతాదు పెరిగింది. ఆ సంగతి చెప్తాను. అందులో మీకు పనికొచ్చేది ఉందో లేదో మీరే చూసుకోండి.

ఆ ఏడాది డిగ్రీ ఆఖరి సంవత్సరం వాళ్లకు ఇంగ్లీషులో చిన్నకథల పేపరు ఉండేది. కథ చదివి సొంతంగా విశ్లేషించి రాయాలి. చివర్లో ఒక్కొక్కరూ ఒక కథ ఎంచుకుని, బయటి కాలేజీ నుంచి వచ్చిన ఎగ్జామినర్ ముందు నిలబడి మాట్లాడాలి. వినడానికి బాగానే ఉంటుంది. కానీ మా పిల్లల్లో చాలామంది పదో తరగతి దాకా తెలుగు మీడియం. "సొంతంగా" అనే మాట చెవిన పడగానే ముఖాలు పాలిపోయేవి. బజారులో దొరికే గైడు బట్టీ పట్టి, ఏ కథ ఇచ్చినా అవే నాలుగు ముక్కలు రాసేవాళ్లు. రచయిత గొప్పవాడు, శైలి సరళంగా ఉంది, పాత్రలు సజీవంగా ఉన్నాయి, ఈ కథ వల్ల మనం తెలుసుకునే నీతి ఏమిటంటే అంటూ. చదువుతుంటే నాకు ఒళ్లు మండేది. అసలే నాకు కోపం ముక్కు మీద ఉంటుందని కాలేజీలో పేరు.

ఆ తరగతిలో ఒకే ఒక్క అమ్మాయి గైడు ముట్టుకునేది కాదు. కిటికీ పక్కన కూర్చునేది. తక్కువ మాట్లాడేది, మాట్లాడితే మాత్రం వదిలేది కాదు. మొదటిసారి ఆమె రాసిన జవాబు స్టాఫ్‌రూమ్‌లో చదివి నవ్వు ఆపుకోలేకపోయాను. కథ చిన్నదే. మంచంలో ఉన్న భార్య అడిగిందని ఒక ముసలాయన నిచ్చెన వేసుకుని చెట్టెక్కి, ఆ కాలానికి మిగిలిన ఆఖరి పండు కోస్తాడు. దిగుతూ పడిపోతాడు. పండు మాత్రం చేతిలో నలగకుండా ఉంటుంది. దానికి మా అమ్మాయి విశ్లేషణ ఇది. ప్రమాదానికి కారణం, నిచ్చెనను కింద ఎవరూ పట్టుకోకపోవడం. బాధ్యుడు, ముసలాయన. భార్య కూడా కొంతవరకు బాధ్యురాలు, అవసరం లేని సమయంలో పండు అడిగినందుకు. ఇకముందు ఇలా జరగకుండా తీసుకోవలసిన జాగ్రత్తలు అని కింద ఒక పేరా. తలకు హెల్మెట్ కూడా పెట్టించింది పాపం ఆ ముసలాయనకు.

పక్క కుర్చీలో హిస్టరీ లెక్చరర్ ఉన్నారు. ఆయన ఈ నేల మనిషి, వాళ్ల నాన్న గనిలో పనిచేసి రిటైరయ్యారు. గనిని ఇక్కడ బాయి అంటారు. నేను కోస్తా నుంచి ఉద్యోగానికొచ్చి ఇక్కడే ఉండిపోయినదాన్ని. ఎన్నేళ్లున్నా, బ్లాస్టింగ్ జరిగినప్పుడు కిటికీ అద్దాలు కదలడం తప్ప బాయి గురించి నాకు తెలిసింది తక్కువ. జవాబు కాగితం ఆయనకిచ్చాను, ఆయన కూడా నవ్వుతారని.

"నవ్వకుండ్రి మేడమ్," అన్నారాయన. "మా దిక్కు పిల్లలు మొదలు నేర్చుకునే కథ గిదే. ఏటేటా బాయిల కాడ రక్షణ వారోత్సవాలు చేస్తరు గద. నాటకాలు, వ్యాసాల పోటీలు పెడ్తరు. ఒకడు హెల్మెట్ పెట్టుకోడు, బండ పడ్తది, భార్య ఏడుస్తది. తప్పెవలది, ఎట్ల జేస్తే గాకపోవు, గది రాయాలె. ఈ పిల్లకు చిన్నప్పటి సంది ఫస్టు ప్రైజులే. ఆమె బాపు సర్దార్."

సర్దార్ అంటే ఏమిటో కూడా ఆయనే చెప్పారు. షిఫ్టు మొదలవగానే అందరికంటే ముందు పనిచేసే చోటికి వెళ్లి, పైకప్పు బండను కర్రతో తట్టి, ఆ చప్పుడు విని, బాగుందంటేనే మనుషులను లోపలికి పంపేవాడు. బోలుగా మోగితే పంపకూడదు. అంతమంది ప్రాణాలు ఆయన మాట మీద ఉంటాయి.

అప్పటినుంచి ఆ అమ్మాయిని దారిలో పెట్టడం నాకు పంతమైంది. కథలో తప్పు ఎవరిదని కాదు, ఎవరికి ఏమైందని అడుగు అనేదాన్ని. ఎవరు ఏం మాట్లాడారో చూశావు, ఎవరు ఏం మాట్లాడలేదో చూడు అనేదాన్ని. ఆమె తల ఊపేది, మళ్లీ అదే రాసేది. ఒకరోజు విసుగొచ్చి అందరి ముందే కేకలేశాను. ఆమె లేచి నిలబడి, కోపం లేకుండానే అడిగింది.

"తప్పు ఎవలదో తెల్వకుంట కథ ఒడిసినట్టు ఎట్లయితది మేడమ్?"

బెల్లు కొట్టారు కాబట్టి బతికిపోయాను.

అయినా మెల్లమెల్లగా మారింది. చలికాలం వచ్చేసరికి జాగ్రత్తల పేరా మానేసింది. ఒక జవాబులో, "ఈ తల్లి కొడుకును తిట్టింది గానీ, తిడుతున్నప్పుడు అతని చొక్కా గుండీ పెడుతూనే ఉంది" అని గమనించి రాసింది. ఆ వాక్యం నేను స్టాఫ్‌రూమ్‌లో అందరికీ చదివి వినిపించాను. లెక్చరర్లకు ఇలాంటి సంతోషాలు నెలకొకటి వచ్చినా గొప్పే.

అంతలో ప్రమాదం జరిగింది. ఎండలు ముదురుతున్న రోజులు. ఫస్టు షిఫ్టులో ఆమె తండ్రి పంపిన చోట పైకప్పు నుంచి బండ ఊడి, ఒక కార్మికుడి నడుము మీదా కాలి మీదా పడింది. ప్రాణం పోలేదు. హైదరాబాద్ ఆసుపత్రికి తీసుకెళ్లారు. ఆ మనిషి వీళ్లకు రెండు ఇళ్ల అవతల ఉంటాడు, అమ్మాయి ఆయనను కాక, అంటే బాబాయి, అని పిలుస్తుంది. తండ్రికి ఛార్జిషీటు ఇచ్చి, ఎంక్వైరీ అయ్యేదాకా ఇంట్లో కూర్చోమన్నారు. అమ్మాయి కొన్ని రోజులు కాలేజీకి రాలేదు. వచ్చాక మళ్లీ కిటికీ పక్కనే కూర్చుంది.

ఇక్కడ నా భయం మొదలైంది. సిలబస్‌లో తర్వాతి కథ ఏమిటో నాకు తెలుసు. మంచు కురిసే ఊళ్లో ఇద్దరు అక్కచెల్లెళ్లు. వాళ్ల బతుకుతెరువుకు ఒక్కటే మేక. ఒక రాత్రి చెల్లెలు కొట్టం తలుపు గడియ వెయ్యడం మరిచిపోతుంది. గాలికి తలుపు తెరుచుకుని మేక బయటికి వెళ్లి చలికి చచ్చిపోతుంది. పొద్దున్న అక్క మేకను చూస్తుంది. లోపలికొచ్చి పొయ్యి వెలిగిస్తుంది. గడియ ఎవరు వెయ్యలేదని అక్క అడుగుతుందేమోనని చెల్లెలు రోజంతా బిక్కుబిక్కుమంటూ ఎదురుచూస్తుంది. అక్క అడగదు. అంతే కథ.

ఈ కథ ఈ అమ్మాయి ముందు ఎలా చదవను? దాటేసి ముందుకెళ్దామా అని హిస్టరీ ఆయనను అడిగాను.

"దాటేస్తే ఎందుకు దాటేసిండ్రో ఆమెకు తెల్వదా మేడమ్? గప్పుడు ఇంక ఎక్కువ బుగులు పడ్తది," అన్నారు.

అదీ నిజమే అనిపించింది. బయట తారు కరిగే ఎండలో, ఫ్యాను వేడిగాలి తిప్పుతుంటే, మంచులో చచ్చిన మేక కథ చెప్పాను. ఎప్పుడూ చెప్పినట్టే చెప్పాను. అక్క మౌనం క్షమ అని, ప్రేమ అని, అడగకపోవడమే ఆమె గొప్పతనమని. పిల్లలు రాసుకున్నారు. కిటికీ పక్కన అమ్మాయి పెన్ను మూసి కూర్చుంది. మర్నాడు వచ్చి, ఎగ్జామినర్ ముందు ఈ కథే మాట్లాడతానంది. సరే అన్నాను.

ఆమె రాసుకొచ్చిన మొదటి చిత్తు చూసి నాకు నవ్వు రాలేదు. మళ్లీ పాత పద్ధతే, కానీ ఈసారి కసి ఉంది. చెల్లెలిదే తప్పు, నూటికి నూరుపాళ్లూ. మరిచిపోయానంటే కుదరదు. అడగకుండా వదిలేసిన అక్క తప్పును దాచింది. అడిగి తీరాలి. ఇలా రెండు పేజీలు. నేను మార్జిన్‌లో ఒక్క మాట రాశాను, "అక్క ఎందుకు అడగలేదు? ఆ రాత్రి మళ్లీ చదువు" అని. నిజానికి ఆ రాత్రిలో ఏదో ఉందని తెలిసి రాయలేదు. ఏదో ఒకటి రాయాలి కదా అని రాశాను.

తర్వాత ఆమె మళ్లీ రాలేదు. పరీక్ష దగ్గర పడుతోంది. నేనే వాళ్ల క్వార్టర్‌కు వెళ్లాను. వాళ్ల వరసలో ఒక ఇంటికి తాళం ఉంది. అమ్మాయి ఆ వైపు చూడకుండానే, "కాకోళ్ల ఇల్లు మేడమ్, అందరు హైదరాబాద్ దవాఖాన్ల ఉన్నరు," అంది. లోపల టీవీ చెవులు చిల్లులు పడేలా మోగుతోంది. తండ్రి లేచి కుర్చీ జరిపారు. పెద్ద మనిషి, గంభీరంగా ఉన్నారు.

"ఎంక్వైరీ ఎప్పుడండీ?" అని అడిగాను.

"మంచిగనే సదువుతది మేడమ్, అంత మీ దయ," అన్నారు.

ఆ మాట ఎత్తడం ఆయనకు ఇష్టం లేదనుకుని ఊరుకున్నాను. అమ్మాయి గబగబా ఆయన కుడిపక్కకు వెళ్లి, "మేడమ్ పరీక్ష ముచ్చట మాట్లాడనీకి వచ్చిండ్రు బాపు," అంది. తల్లి టీ తెచ్చింది. టీవీ తగ్గించాలని ఎవరికీ తోచలేదు. నాకు తలనొప్పి మొదలైంది.

వచ్చేటప్పుడు ఆయన గుమ్మం దాకా వచ్చారు. "మా అన్నలది, బావలది ఒక్కటే పాట మేడమ్. బోర్డుకు పో, అన్‌ఫిట్ అయిపో, బిడ్డకు నౌకరి ఇప్పియ్యి అని. నేను ఒద్దన్న. నాకున్నది ఒక్క బిడ్డ. ఆమె సదువుకోవాలె. నాకు చాతనైనన్ని దినాలు నేనే బాయిల దిగుత," అన్నారు.

ఈ ప్రాంతం వాళ్లకు చెప్పనక్కర్లేదు, మిగతావాళ్ల కోసం చెప్తున్నాను. ఆరోగ్యం చెడి పని చెయ్యలేనని మెడికల్ బోర్డు తేల్చితే, ఆ కార్మికుడి బిడ్డకు కంపెనీలో ఉద్యోగం ఇస్తారు. ఇంట్లో ఎదిగిన పిల్లలున్నవాళ్లు చాలామంది ఆ కాగితం కోసం ఎదురుచూస్తారు. వద్దనేవాడిని నేను మొదటిసారి చూశాను. ఆ మనిషి మీద గౌరవం కలిగింది. మరి ఎంక్వైరీలో ఏమవుతుందో అని దిగులూ కలిగింది.

అయితే కాలనీలో మాట మరోలా ఉంది. ఆ కార్మికుడే అడగకుండా ముందుకు పోయాడని, సర్దార్ చూపించిన హద్దు దాటాడని ఆఫీసర్లు తేలుస్తారట. "సర్దార్ బయటపడ్డట్టే మేడమ్," అన్నారు హిస్టరీ ఆయన. దెబ్బ తగిలిన మనిషి ఇంకా సరిగా మాట్లాడే స్థితిలో లేడు. అంటే తండ్రికి గండం గడిచినట్టే. అమ్మాయి తేలిక పడాలి. కానీ రోజురోజుకీ ఆమె ముఖం పీక్కుపోతోంది. అది నాకు అర్థం కాలేదు.

పరీక్ష రోజు వచ్చింది. ఎగ్జామినర్ పెద్దాయన, ఉదయం నుంచి ఒకే గైడును పదేపదే విని కళ్లు మూతలు పడుతున్నాయి. అమ్మాయి లేచి నిలబడింది. చేతిలో కాగితం లేదు. ఇంగ్లీషు తడబడింది, క్రియలు ఎటెటో పోయాయి, అయినా ఆగలేదు. ఆమె చెప్పింది ఇది.

చెల్లెలిది తప్పని అందరూ అంటారు, నేనూ అదే రాశాను. కానీ ఆ రాత్రి గురించి కథలో ఒక వాక్యం ఉంది. "ఒకసారి అక్క కళ్లు తెరిచింది, దుప్పటి తల మీదికి లాక్కుంది." ఎందుకు కళ్లు తెరిచింది? ఆ గదిలో ఇంకే చప్పుడూ లేదు, తలుపు కొట్టుకునే చప్పుడు తప్ప. ఆమె విన్నది. లేస్తే చలి. లేవలేదు. పొద్దున్న చెల్లెల్ని అడిగితే, నువ్వు వినలేదా అని చెల్లెలు తిరిగి అడుగుతుంది. అందుకే అడగలేదు. అది క్షమ కాదు. అది భయం.

నేను కుర్చీలో నిటారుగా కూర్చున్నాను. ఎన్నో ఏళ్లుగా ఆ కథ చెబుతున్నాను. ఆ దుప్పటి వాక్యాన్ని చలికాలపు వర్ణన అని దాటించేస్తూ వచ్చాను. ఎగ్జామినర్ కళ్లు పూర్తిగా తెరిచారు.

"అయితే తప్పు అక్కదంటావా?" అని అడిగారు.

ఆమె ఒకసారి నా వైపు చూసింది. చివరికి, "నాకు తెలియదు సార్. కానీ అక్కకు తెలుసు," అని, సారీ చెప్పి బయటికి వెళ్లిపోయింది. ఎగ్జామినర్ నా వైపు వంగి, "బాగుందండీ, ఇది ఏ గైడులో ఉంది?" అన్నారు. నేను అప్పటికే లేచి ఆమె వెనక వెళ్తున్నాను.

మంచినీళ్ల ఫిల్టర్ దగ్గర, మెట్ల కింద దొరికింది. ఏడవడం లేదు. గోడకు ఆనుకుని నిలబడింది.

"మేడమ్, బాపుకు ఎడమ చెవు ఇనవడది," అంది.

నాకు వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యాక అక్కడే మెట్టు మీద కూర్చున్నాను.

"ఎప్పటి నుంచి?"

"నాకెరుకైంది రెండేండ్ల సంది. టీవీ సౌండ్ పెంచుతనే ఉంటడు. ఎడమ దిక్కు నిలవడి మాట్లాడితే ఊకెనే తలకాయ ఊపుతడు, ఇన్నట్టు. నేను కుడి దిక్కు పోయి మాట్లాడుడు నేర్చుకున్న. అమ్మ గూడ గంతే. మేం ఎవ్వరం అడగలే మేడమ్. అడిగితే చెప్తడు. చెప్తే నేను ఏదో ఒకటి చెయ్యాలె. బోర్డుకు పొమ్మనాలె. బోర్డుకు పోతే నేను నౌకరికి పోవాలె. నాకు సదువు కావాలె మేడమ్."

"బండను తట్టి చూశారా మరి?"

"తట్టిండు. బాపు అబద్ధం ఆడడు. తట్టిండు. చప్పుడు మంచిగనే వచ్చిందన్నడు. కని ఆ చప్పుడు ఆయనకు ఎట్ల ఇనవడ్డదో ఎవలకెరుక? ఇప్పుడేమో కాక మీదికి నెడుతున్నరు. కాక నడవనే నడవడు, ఆయన మీదికే నెడుతున్నరు." ఆమె నా వైపు తిరిగింది. "నేనేం జెయ్యాలె మేడమ్?"

ఇన్నేళ్ల ఉద్యోగంలో పిల్లలు నన్ను చాలా అడిగారు. ఇంత భయపెట్టిన ప్రశ్న మరొకటి లేదు. చెప్పమంటే ఒక ఇంటి దీపం ఆరుతుంది. వద్దంటే మంచంలో ఉన్న మనిషి మీద మచ్చ పడుతుంది, ఈ పిల్ల జీవితాంతం దాన్ని మోస్తుంది. ఏది చెప్పినా మర్నాడు నేను మాత్రం టీ తాగి పాఠానికి పోతాను. నాకు తెలియదమ్మా అన్నాను. నిజంగానే తెలియదు. కాసేపాగి, "ఆఫీసర్ల సంగతి తర్వాత. నీకు తెలుసని ముందు మీ నాన్నకు తెలియాలి. అది ఒక్కటీ చెయ్యి," అన్నాను.

ఆ వారం ఫోన్ మోగితే ఉలిక్కిపడ్డాను. మిగతా ఎవరికీ చెప్పకుండా హిస్టరీ ఆయనకు మాత్రం చెప్పాను. ఆయన, "మీరెందుకు ఫికర్ జేస్తరు? మీరు పాఠమే చెప్పిండ్రు గద," అన్నారు. పాఠం చెబితే ఇంతవరకు వస్తుందని నాకు ముందు ఎవరూ చెప్పలేదండీ అన్నాను.

వారం చివర్లో అమ్మాయి వచ్చింది.

"చెప్పిన మేడమ్. కుడి దిక్కు కూసోనే చెప్పిన."

"ఏమన్నారు?"

"ఏమనలే. కూలర్‌ల నీళ్లు పోసుకుంట కూసున్నడు. నిండి కిందికి పోతున్నా పోసుకుంటనే ఉన్నడు. పొద్దుమీకి బజారుకు పోయి నాకు మిర్చి బజ్జీలు తెచ్చిండు."

"తర్వాత?"

"గంతే మేడమ్. తిన్నం."

ఎంక్వైరీలో ఆయన ఏం చెబుతారో ఆమెకూ తెలియదు, తల్లికీ తెలియదు. ఆ రోజు మీరు కూడా వస్తరా, అమ్మ బుగులు పడుతున్నది అంటే వెళ్లాను. ఆఫీసు బయట రేకుల షెడ్డు కింద బెంచీల మీద కూర్చున్నాం. ఎండకు రేకులు చిటపటలాడుతున్నాయి. తల్లి తడిగుడ్డ చుట్టిన నీళ్ల సీసాను ఒళ్లో పెట్టుకుని, తాగకుండా అలాగే పట్టుకుంది. ఎదురు బెంచీ మీద దెబ్బ తగిలిన మనిషి అన్న ఒక్కడే కూర్చున్నాడు. మా వైపు చూడలేదు. మేమూ అతని వైపు చూడలేదు.

చాలాసేపటికి తల్లి నాతో నెమ్మదిగా అంది. "బిడ్డ అంత చెప్పింది మేడమ్. ఆ మేక కథ గూడ చెప్పింది. నవ్వే కథలు లేవా మేడమ్ మీ పుస్తకంల?"

ఉన్నాయండీ, ఉన్నాయి అన్నాను. ఒక్కటి కూడా గుర్తుకు రాలేదు.

తర్వాత ఏమైందో ఇక్కడే చెప్పేస్తాను. చివరి పేజీ ముందు చూసే అలవాటు మీకూ ఉంటుంది, నాకూ ఉంది. ఆయన లోపల అన్నీ తానే చెప్పారు. దెబ్బ తగిలిన మనిషి మీద తప్పు పెట్టడం ఆగింది. ఈయనకు శిక్ష పడింది, సర్దార్ పని నుంచి తీసేశారు. ఆ తర్వాత కొత్తగూడెంలో మెడికల్ బోర్డుకు వెళ్లారు, అన్‌ఫిట్ అన్నారు. అమ్మాయి డిగ్రీ పూర్తి చేసింది, మంచి మార్కులే వచ్చాయి. చుట్టాలు పోరారు, ఆమె కొన్నాళ్లు గింజుకుంది, చివరికి కంపెనీ ఉద్యోగంలో చేరింది. ఇప్పుడు స్టోర్సులో పనిచేస్తూ, దూరవిద్యలో ఇంగ్లీష్ ఎమ్మే చదువుతోంది. దెబ్బ తగిలిన మనిషి కర్ర పట్టుకుని నడుస్తున్నాడు. ఆ రెండు ఇళ్ల మధ్య మాటలు కలవడానికి చాలాకాలం పట్టింది, పూర్తిగా కలిశాయని ఇప్పటికీ చెప్పలేను. మేక కథ చెప్పి ఒక సర్దార్ ఉద్యోగం ఊడగొట్టానని మా ఆయన ఇప్పటికీ నన్ను ఆటపట్టిస్తారు. ఆ మాటకు నాకు నవ్వు రాదు. ఆమె చదవాలనుకున్నట్టు చదవలేకపోయిందే అని బాధ పడతాను. అలాగని ఆ రోజుకు వెనక్కి వెళ్తే ఇంకోలా చెప్పేదాన్నా అంటే, లేదు.

ఇదంతా తర్వాతి సంగతి. ఆ మధ్యాహ్నం మాకేమీ తెలియదు. తలుపు తెరుచుకుంది. ఆయన బయటికొచ్చారు. మా దగ్గరికి రాలేదు. నేరుగా ఎదురు బెంచీ దగ్గరికి వెళ్లి, ఆ అన్న ముందు నిలబడి మెల్లగా ఏదో చెప్పారు. ఏం చెప్పారో నాకు వినబడలేదు. అతను తల ఎత్తి ఈయనను చాలాసేపు చూశాడు. తిట్టలేదు, లేవలేదు. చివరికి బెంచీ మీద కొంచెం పక్కకు జరిగాడు. ఈయన కూర్చోలేదు, అలాగే నిలబడ్డారు.

తల్లి నా చెయ్యి పట్టుకుంది. అమ్మాయి ఆగలేకపోయింది. పరుగెత్తింది. ఆ తొందరలో ఎప్పుడూ చెయ్యని పని చేసింది. తండ్రికి ఎడమపక్కన నిలబడింది.

"ఏం చెప్పినవ్ బాపు?"

షెడ్డు కింద అందరూ చూస్తున్నారు. ఆఫీసు గుమాస్తాలు, ఆ అన్న, షిఫ్టు దిగి అటు వెళ్తున్న కార్మికులు కూడా. ఆయన విన్నట్టు తల ఊపుతారని ఎదురుచూశాను. ఆయన తల ఊపలేదు. బిడ్డ వైపు పూర్తిగా తిరిగి, వినబడని వాళ్లు మాట్లాడే గట్టి గొంతుతో, అందరికీ వినబడేలా అన్నారు.

"ఇనవడలే బిడ్డా. మళ్లొక్కసారి చెప్పు."